సేబర్‌కు ఎదురు నిలిచిన బుల్లి విమానం

1950ల్లో యుద్ధ విమానాలు ఏటికేడు బరువెక్కిపోతుంటే బ్రిటన్ డిజైనర్ టెడ్డీ పెటర్ ఎదురు దారి పట్టాడు. ఫోలాండ్ కంపెనీలో ఆయన తీర్చిదిద్దిన నాట్‌కు రెక్కల కొస నుంచి కొసకు 22 అడుగులే. 1955లో గాల్లోకి లేచిన ఆ ఫైటర్‌ను సొంత దేశం యుద్ధానికి పనికిరాదని పక్కన పెట్టి, శిక్షణ విమానంగా మార్చుకుంది. దాన్ని నమ్మి బెంగళూరు హెచ్.ఎ.ఎల్.లో తయారు చేయించుకున్నది మనవాళ్లే.

ఆ నమ్మకం 1965 సెప్టెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధంలో పరీక్షకు వచ్చింది. ఒకటో తేదీ సాయంత్రం ఛంబ్ రంగంలో మన పాతకాలపు వాంపైర్లు పాకిస్తాన్ సేబర్ ఫైటర్లకు బలయ్యాయి. వెంటనే నాట్‌లను పఠాన్‌కోట్‌కు రప్పించారు. మూడో తేదీన మిస్టేర్ విమానాలను ఎరగా ఎత్తున పంపి, నాట్‌లను నేలబారుగా తీసుకెళ్లారు. ఎర కోసం సేబర్లు రాగానే కింది నుంచి నాట్‌లు లేచాయి. ఒక సేబర్‌ను కొట్టినందుకు స్క్వాడ్రన్ లీడర్ ట్రెవర్ కీలర్‌కు వీరచక్ర దక్కింది. ఆ సేబర్ దెబ్బతిన్నా ఇంటికి చేరిందని పాకిస్తాన్ వాదన. అదే రోజు మన నాట్ ఒకటి పాకిస్తాన్‌లోని పస్రూర్‌లో దిగి వాళ్ల చేతికి చిక్కింది కూడా.

సేబర్ పైలట్ మెడ తిప్పి వెనక్కి చూస్తే నాట్ ముక్కు ఒక చుక్క. అది విమానమని పోల్చుకునేసరికే రెండు 30 మి.మీ. ఫిరంగులు గురిపెట్టి ఉంటాయి. బరువు తక్కువ కాబట్టి పైకి లేవడంలోనూ, మలుపు తిరగడంలోనూ చురుకు. కానీ ఆ ఫిరంగులు మొరాయించేవి, తోక నియంత్రణ సతాయించేది. నా దృష్టిలో నాట్ కీర్తిలో సింహభాగం ఈ లోపాలతో వేగుతూనే దాన్ని యుద్ధంలో నడిపిన పైలట్లది.

1971 నవంబరు 22న, యుద్ధ ప్రకటనకు ముందే, తూర్పు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి బోయ్రా మీద నాలుగు నాట్‌లు సేబర్లను తరిమికొట్టాయి. పారాచూట్లతో దిగి బందీలైన ఇద్దరు పాక్ పైలట్లలో పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత ఆ దేశ వైమానిక దళాధిపతి అయ్యారు.

ఇక శ్రీనగర్. 1948 నాటి ఒప్పందం వల్ల యుద్ధం మొదలయ్యేదాకా అక్కడ ఫైటర్లను ఉంచలేదు. ఆ ఎత్తు, ఆ చలి, ఆ కొండలు ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్‌కు కొత్త. డిసెంబరు 14న ఆరు సేబర్లు విరుచుకుపడ్డాయి. రన్‌వే మీద బాంబులు పడుతుండగానే సెఖోన్ పైకి లేచారు. ముందే లేచిన సహచరుడు మంచుతెరలో కనిపించలేదు. ఒంటరిగానే ఒక సేబర్‌ను కొట్టి, మరొకదానికి నిప్పంటించి, చివరికి తానూ నేలకూలారు. ఆ పోరాటానికి మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. మన వైమానిక దళంలో ఇంతవరకు ఆ పతకం అందుకున్నది ఆయనొక్కరే.