ఇస్త్రీపెట్టె కింద దిగే బొమ్మ

ఇస్త్రీ చేస్తే బట్టకు బొమ్మ దిగే కాగితానికి మొదట గిరాకీ తెచ్చింది సూదీదారం పట్టిన ఇంగ్లండు ఆడవాళ్లు. అప్పటిదాకా డిజైన్ బట్ట మీదికి ఎక్కించాలంటే కాగితానికి చిల్లులు పొడిచి పొడి రుద్దాల్సిందే. మన మగ్గం వర్క్ వాళ్లు ఇప్పటికీ చేసేది దాదాపు అదే: బట్టర్ పేపర్ మీద గీసి, గీత వెంట సూదితో పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడిని గుడ్డతో అద్దుతారు.

మాంచెస్టర్‌కు చెందిన విలియం బ్రిగ్స్ కంపెనీ 1870ల్లో ఈ శ్రమ తప్పించింది. వేడికి కరిగే సిరాతో పల్చటి కాగితం మీద లతలూ పువ్వులూ అచ్చేసి అమ్మింది. కాగితాన్ని బోర్లించి వెనకనుంచి కాల్చిన ఇస్త్రీపెట్టె ఆనిస్తే గీతలు బట్టకు దిగేవి. వాటి మీదే దారం నడిచేది కాబట్టి గీత అందంగా లేకపోయినా ఎవరికీ పట్టింపు లేదు. తర్వాతి కాలంలో అక్కడి మహిళా పత్రికలు ఈ కాగితాలను సంచికతోపాటు ఉచితంగా ఇచ్చేవి.

దారం అక్కర్లేకుండా బొమ్మే బట్ట మీద నిలవాలంటే ప్లాస్టిసోల్ రావాల్సి వచ్చింది. పీవీసీ పొడిని నూనెలాంటి ద్రవంలో కలిపి చేసే ఈ సిరా గాలికి ఎన్నాళ్లున్నా ఆరదు. సుమారు 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. వ్యాపారులకు కావలసింది సరిగ్గా ఈ గుణమే. కాగితం మీద అచ్చేసి, సగం మాత్రమే కాల్చి నిల్వ పెట్టుకున్నారు. 1970ల్లో అమెరికా దుకాణాల గోడలనిండా ఈ బొమ్మలే. వచ్చినవాడు ఒకటి చూపిస్తే చాలు, హీట్ ప్రెస్ కింద మిగతా సగం కాలి టీషర్టు చేతికొచ్చేది. 1977లో ‘స్టార్ వార్స్’ బొమ్మలతో ఏకంగా ఇస్త్రీ కాగితాల పుస్తకమే వచ్చింది. మోజు సరే, నాలుగు ఉతుకులకు బొమ్మ నెర్రెలు విచ్చేది.

నన్నడిగితే ఈ కథలో అసలు మేధావి ఫ్రాన్స్‌లోని రూబే పట్టణపు ఉన్ని మిల్లులో పనిచేసిన నోయెల్ ద ప్లాస్. కొన్ని రంగులు కర్పూరంలా కరగకుండానే ఆవిరవుతాయన్న గుణాన్ని ఆయన 1957లో అచ్చుపనికి వాడాడు. సుమారు 200 డిగ్రీల దగ్గర కాగితం మీది రంగు ఆవిరై పాలియెస్టర్ పోగులోకే దూరుతుంది. పైన పొర ఉండదు కనుక పగలడానికీ ఊడడానికీ ఏమీ లేదు. మన ఊళ్లలో ఫొటో దిండ్లూ, కప్పులూ వేసిచ్చే షాపుల పద్ధతి ఇదే. నూలు బట్టకు మాత్రం ఇది పనికిరాదు, ఉతికితే వెలిసిపోతుంది. ముదురు రంగు బట్ట మీద అసలు కనబడదు.

ఇంట్లో నూలు చొక్కాకు బొమ్మ వేసుకునే వీలు కంప్యూటర్ ప్రింటర్లతో వచ్చింది. ఏ4 కాగితం మీద పల్చటి పాలిమర్ పొర ఉంటుంది. సిరా దాని మీద పడుతుంది, వేడికి పొర కరిగి నూలు పోగుల్ని పట్టుకుంటుంది. ప్రింటర్లో తెల్ల సిరా ఉండదు కాబట్టి లేతరంగు బట్టల కాగితంలో తెలుపు అంటే బట్ట రంగే. ముదురు బట్టల కాగితానికి తెల్ల పొర ముందే వేసి ఉంటుంది. అందుకే అది కాస్త అట్టలా బిరుసుగా అనిపిస్తుంది. మొదటిదాన్ని బోర్లించి ఇస్త్రీ చేయాలి కనుక అక్షరాలు అద్దంలోలా తిరగేసి ప్రింట్ తీయాలి. రెండోదానికి వెనక కాగితం ఒలిచి, బొమ్మను పైకే పెట్టాలి కనుక తిప్పనక్కర్లేదు.

కొనేముందు కవరు మీద ఏ రంగు బట్టకో చూసుకోండి. ఇస్త్రీపెట్టెలో నీళ్లు పోయకండి, దుప్పటి మడతల మీద కాకుండా గట్టి బల్ల మీద చేయండి, అంచులు ఎక్కువసేపు అదమండి. ఊడడం మొదలయ్యేది అక్కడే. ఉతికేటప్పుడు చొక్కా తిరగేసి చన్నీళ్లలో వేయండి.