లిమిట్ హోల్డెమ్‌లో మధ్యరకం ముక్కలు

పందెం ఎంతో ముందే ఖరారై ఉండే పోకర్ రకం లిమిట్ హోల్డెమ్. మొదటి రెండు విడతల్లో చిన్న పందెం, తర్వాతి రెండింటిలో దానికి రెట్టింపైన పెద్ద పందెం. గెలుస్తాయో ఓడతాయో తేల్చి చెప్పలేని ముక్కలు మధ్యరకం. చేతిలో రాజు, జాకీ ఉండగా బల్ల మీద జాకీ, 8, 3 పడితే అది మంచి జతే. నాలుగో ముక్కగా ఆసు తిరిగిందంటే దాని విలువ పడిపోతుంది. అప్పుడు పందెం కాయకుండా ‘చెక్’ అని వదిలేస్తే ప్రత్యర్థికి ఇంకో ముక్క ఉచితంగా చూపించినట్టే. కాబట్టి ఎదురుగా ఒక్కరే ఉంటే తరచు పందెం కాయడమే మేలు. నలుగురుంటే ఆసు ఎవరో ఒకరి దగ్గర ఉండే అవకాశం పెరుగుతుంది.

అసలు పరీక్ష చివరి విడతలో. పాట్‌లో, అంటే బల్ల మీద పోగైన మొత్తంలో, 6 పెద్ద పందేలుండగా ప్రత్యర్థి మరొకటి కాశారనుకుందాం. ఒకటి పెడితే 7 దక్కుతాయి. 8 సార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. పరిమితి లేని ఆటకు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడే అనవసరంగా ముక్కలు పడేస్తారు. మనమే పందెం కాయాలంటే లెక్క వేరు: ప్రత్యర్థి కాల్ చేసిన (అంతే పందెం పెట్టి నిలిచిన) సందర్భాల్లో సగానికి మించి గెలవాలి.

ఈ ఆటలో ఇద్దరాడే రకాన్ని అల్బర్టా విశ్వవిద్యాలయం వారి సెఫియస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం 2015లో దాదాపుగా పరిష్కరించింది.