ఇంటికి పిండిమర కొనేముందు

యానాంలో మర అన్నా, షోలాపూర్‌లో గిర్ని అన్నా, హోసూరు వైపు మిల్లు అన్నా మనకు కావలసింది ఒక్కటే, గింజ పిండి కావాలి. మహారాష్ట్రలో ఘర్‌ఘంటీ అని పిలిచే ఇంటి మర ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళలోనూ కనిపిస్తోంది. కొన్నాక నాలుగు నెలలకే మూలన పెట్టి పైన గుడ్డ కప్పేసిన ఇళ్ళూ ఉన్నాయి. ఏ పిండి కోసం కొంటున్నామో ముందు అనుకోకపోవడమే చాలాసార్లు కారణం.

ఇంటి మరల్లో ప్రధానంగా రెండు రకాలు. రాతి మరలో గింజ రెండు రాళ్ళ మధ్య నలుగుతుంది. మన తిరగలే, తిప్పేది మోటారు. రాళ్ళ సందు మార్చి మెత్తగానో బరకగానో పట్టుకోవచ్చు. రాళ్ళు అరిగితే కక్కు కొట్టించాలి, ఆ పని తెలిసినవాళ్ళు దగ్గర్లో ఉన్నారో లేదో చూసుకోండి. కొత్త రాళ్ళలో పట్టిన మొదటి కిలో పిండి పారేయాలి, అందులో రాతి పొడి ఉంటుంది.

రెండోది చిన్న బీరువాలా ఉండే స్టీలు బ్లేడు మర. షాపుల్లో ఎక్కువగా చూపించేది దీన్నే. బ్లేడు గింజను కొట్టికొట్టి పొడి చేస్తుంది, జల్లెడ కళ్ళలో దూరేంత నలిగాకే పిండి కింద డబ్బాలో పడుతుంది. ఆ జల్లెడను జాలీ అంటారు. రవ్వ జాలీ మార్చకుండా రాగులు పోస్తే సన్న గింజ కాబట్టి కొన్ని నలక్కుండానే జారిపోతాయి.

జొన్నరొట్టె తినే ఇళ్ళకు సొంత మర బాగా కలిసొస్తుంది. గోధుమలోని సాగే జిగురు జొన్నలో లేదు, వేణ్ణీళ్ళు పోసి కలిపితేనే ముద్ద నిలుస్తుంది. పిండి పాతబడితే రొట్టె అంచులు చీలతాయి. సజ్జపిండి ఇంకా తొందరగా, కొద్ది రోజులకే చేదెక్కుతుంది. వారానికి సరిపడా పట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక సంక్రాంతి సంగతి. బియ్యం నానబెట్టి, వడేసి, తడి ఆరకముందే పట్టిన పిండితోనే అరిసెలు. బ్లేడు మరలో తడి బియ్యం పోస్తే జాలీ పూడుకుపోతుంది, పిండి లోపలే ముద్ద కడుతుంది, మోటారు వేడెక్కుతుంది. అడిగితే తప్ప అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు! తమిళనాడులో ఈరమావు పట్టే మిల్లులు ఉన్నాయి, అలాంటిది దగ్గర్లో లేకపోతే రోలో, కొంచెం కొంచెంగా మిక్సీయో దిక్కు. నువ్వులు, పల్లీలు కూడా ఇంటి మరలో పోయకండి, నూనె దిగి అంటుకుపోతుంది. అందుకే వీధి మిల్లాయనతో పూర్తిగా తెంచుకోవద్దని మా సలహా.

ఇంట్లో ఎవరికైనా సీలియాక్ జబ్బు ఉంటే లెక్క వేరు. వీధి మిల్లులో మన జొన్నలకు ముందు పట్టిన గోధుమపిండి కొంత మరలోనే మిగులుతుంది, అదే వాళ్ళ పేగులకు చేటు. అలాంటి ఇంటికి మర తప్పనిసరి అనే మేం అంటాం. వాడిన మర కొనకండి, కొత్తదానిలో గోధుమ, బార్లీ ఒక్కసారి కూడా పోయకండి.

కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. ఇంటి మరలకు సాధారణంగా 1 హెచ్‌పీ మోటారు ఉంటుంది, గంట నడిస్తే దాదాపు ఒక యూనిట్. ఆ గంటలో గింజను బట్టి, జాలీని బట్టి 5 నుంచి 10 కిలోలు పడుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్ మాత్రం ఉండాలి. వోల్టేజీ పడిపోయే ఊళ్ళలో మోటారు మొరాయిస్తుంది, కాలిపోనూ వచ్చు. బ్లేడు మర చప్పుడు గట్టిగానే ఉంటుంది, అపార్ట్‌మెంటులో తెల్లవారుజామున పెడితే పక్కింటివాళ్ళు ఊరుకోరు. గింజలు చెరిగి, రాళ్ళూ ఇనుప ముక్కలూ ఏరాకే పోయండి.

కొట్టుకు వెళ్ళేటప్పుడు సంచిలో కిలో రాగులు, కిలో జొన్నలు పట్టుకెళ్ళి మీ ముందే ఆడించమనండి. పిండి రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి, చేత్తో పట్టుకుని వేడి చూడండి. జాలీ, బ్లేడు విడిగా ఎంతకు అమ్ముతారో, రిపేరుకు మనిషి మీ ఊరికే వస్తాడో లేక మరనే పట్నం మోసుకెళ్ళాలో బిల్లు రాయించకముందే అడగండి.