చెవి వరస, చేతి వరస: ప్రత్యేకావసరాలున్న పిల్లలకు తెలుగు రాత నేర్పడంలో ఒక చిక్కు

పిల్లల రాతలో చేతిరాత దోషాన్నీ వర్ణక్రమ దోషాన్నీ విడదీసి చూడడం బోధనలో పరిపాటి. తెలివితేటలకు లోటు లేకున్నా ధ్వనికీ అక్షరానికీ ముడి సరిగా పడని డిస్లెక్సియా పిల్లల విషయంలోనూ, రాతకు కావలసిన చేతి కదలిక పట్టుబడని డిస్‌గ్రాఫియా పిల్లల విషయంలోనూ తెలుగు లిపిలో ఈ విభజన నిలవదు.

'మూర్తి' అన్న మాట పలికినప్పుడు రేఫ, తకారం, ఇకారం అదే వరసలో వినబడతాయి. రాసే చేయి మాత్రం ముందు రకారానికి గుడి కట్టి, తరవాత కిందికి దిగి త వత్తు ఇస్తుంది. అంటే చివర వినబడిన అచ్చు మొదటి హల్లు నెత్తికెక్కుతుంది. 'స్త్రీ'లో ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. రకారానికి పొల్లు పెట్టి పక్కన 'తి' రాసిన పిల్లవాడు విన్న వరసను తు.చ. తప్పకుండా పాటించినవాడే కాని అజాగ్రత్తపరుడు కాడు. ఒత్తక్షరాల సంగతి వేరు: నిత్యవ్యవహారంలో 'భ'ను 'బ'గా పలికేవారే ఎక్కువ కనుక, 'భాష'లోని ఒత్తును చెవితో పట్టుకొమ్మనడం న్యాయం కాదు. ఇక వకారానికి కొమ్మును కుడిపక్కన తగిలిస్తే 'మ'లా కనబడుతుందనే 'వు'లో దానిని అడుగునుంచి తెస్తారు. ఈ కారణం చెప్పకుండా గుణింతం వల్లె వేయించడం వల్ల ఒరిగేది తక్కువ.

అమెరికన్ మనస్తత్వవేత్త గ్రేస్ ఫెర్నాల్డ్ 1943 నాటి గ్రంథంలో వివరించిన పద్ధతిలో పిల్లలు పెద్దగా రాసిన మాటను పలుకుతూ వేలితో దిద్ది, ఆపైన దానిని చూడకుండా రాస్తారు. వీధిబడుల ఇసుకదిద్దుడుకు ఇది దగ్గరిదే అయినా, కీలకం ఆ చూడకపోవడంలోనే ఉంది. చూచిరాతలో కన్ను ఒక్కొక్క గీతకూ ఒరవడి దగ్గరకు పోయి వస్తుంది కనుక మాట మొత్తంగా మనసుకెక్కదు. పదిసార్లు రాయించినా తప్పు గీతే పదిసార్లు అలవాటవుతుంది. ఫెర్నాల్డ్ పద్ధతిని తెలుగుకు తెచ్చేటప్పుడు మాటతోపాటు 'రకు గుడి, కింద త వత్తు' అని చేతి వరసనూ పైకి పలికించడం అవసరం.

మస్తిష్క పక్షవాతం వల్ల వేళ్లు స్వాధీనంలో లేని పిల్లలకు కీబోర్డు శ్రమ తగ్గించడమే కాక వర్ణక్రమానికీ తోడ్పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో రకారం, పొల్లు, తకారం, గుడి విన్న వరసలోనే నొక్కితే గుడిని దాని చోట నిలిపే పని యంత్రమే చూసుకుంటుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించి, పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సాయం, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లను పేర్కొన్నది. ఇవి న్యాయమైనవే. అయితే తెలుగు రెండో భాషగా ఉన్న బడిలో మినహాయింపు దొరికిన బిడ్డకు తెలుగు రాత నేర్పే ప్రయత్నమే ఆగిపోయే ప్రమాదముంది.

ఉక్తలేఖనానికి, అంటే చెప్పి రాయించడానికి, 'పూర్తి, కీర్తి, మూర్తి' వంటి ఒకే కూర్పున్న మాటలు తీసుకుని, మాట మొత్తాన్ని కొట్టివేయకుండా భాగాలవారీగా దిద్దడం మేలు. 'పూర్తి'లో పకారం, కొమ్ముదీర్ఘం, రకారం, గుడి, త వత్తు అని 5 భాగాలున్నాయి. దీర్ఘం ఒక్కటే తప్పిన బిడ్డకు దక్కవలసింది సున్న కాదు, 4.