నరసాపురం లేసులో అతుకు

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం ప్రాంతానికి క్రోషే అల్లిక పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. కొక్కెపు సూది, నూలుదారం తప్ప వేరు సాధనమక్కరలేని ఈ విద్య ఇంటి అరుగుల మీదనే ఎగుమతి పరిశ్రమగా పెరిగింది.

అల్లికలో నేర్పు తెలిసేది అతుకు దగ్గర. దారం అయిపోయిన చోట ముడి వేస్తే ఉబ్బెత్తుగా కనబడుతుంది. అందుచేత చివరి కుట్టు ముగియక ముందే, సూదిపై రెండు ఉచ్చులు నిలిచి ఉండగా, కొత్త దారాన్ని వాటిగుండా లాగి, కొసలను తరువాతి కుట్లలో కలిపి అల్లుతారు. రంగు మార్చడానికీ ఇదే పద్ధతి. ఒక్క కుట్టు ఆలస్యమైతే పాత రంగు కొత్త వరుసలోకి చొచ్చుకు వస్తుంది. తెల్లని లేసులో దాగే ఈ లోపం రంగుల లేసులో దాగదు.

పని విభజనలోనూ అతుకు వేరే పనే. పువ్వులల్లేవారు కొందరు, వాటిని కూర్చి బల్లపై పరిచే గుడ్డగా చేసే అతుకుపనివారు మరికొందరు. 1982లో వెలువడిన మరియా మీస్ గ్రంథం వీరి శ్రమను నిశితంగా పరిశీలించింది. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్నా వీరు గృహిణులుగానే పరిగణింపబడ్డారు. తీరిక వేళల పని అన్న పేరే కూలిని తక్కువగా నిలిపింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు పేరుకు రక్షణ ఇస్తుంది గాని కూలి రేటును నిర్ణయించదు.