డల్లాస్‌లో మూడున్నర, చంద్రగిరిలో రెండు

రాత్రి రెండు. చంద్రగిరిలో మీ అమ్మానాన్నల ఇల్లు. అందరూ గాఢ నిద్రలో ఉన్నారు, మీ ఆరేళ్లవాడు తప్ప. మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"ఆకలేస్తోంది."

మారాం కాదు, నిజం ఆకలే. డల్లాస్‌లో ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర. బడి నుంచి వచ్చి వంటింట్లో డబ్బాలు వెతికే వేళ. గోడ గడియారం పదిన్నర గంటలు ముందుకు దూకింది గానీ వాడి పొట్ట దూకలేదు.

మీ చేయి ఫోన్ మీదికి పోతుంది. ఒక్క కార్టూన్ పెడితే చాలు, మీరు కాసేపు ఒరగొచ్చు. కానీ ఆ వెలుగూ ఆ బొమ్మలూ వాడికున్న కాస్త మగతనూ తరిమేస్తాయి. ఫోన్ దిండు కిందికి తోసేస్తారు. జీరో బల్బు వెలుతుర్లోనే పెరుగన్నం కలిపి నాలుగు ముద్దలు పెడతారు. పక్కన పడుకోబెట్టి వీపు నిమురుతారు. ప్రయాణం బడలిక మీకూ ఉంది. రెప్పలు బరువెక్కుతాయి.

రైలు కూత. ఉలిక్కిపడి లేస్తారు.

పక్క ఖాళీ.

బాత్రూంలో లేడు. వంటింట్లో లేడు. పెరటి తలుపు గడియ తీసుంది.

నీళ్ల సంపు. మూత వేసే ఉంది.

మేడమెట్లు. చీకటి. పైన పిట్టగోడ మోకాలెత్తే.

పిలవాలా? బెదిరిపోతే?

పిలవరు. ఎక్కుతారు. చప్పుడు లేకుండా.

అక్కడున్నాడు. గోడ పక్కనే. ఇంకో అడుగు. చేయి చాపి నడుం పట్టి లాగేస్తారు.

"ఎన్ని స్టార్సో!" అంటాడు వాడు, ఏమీ జరగనట్టు.

కిందికొచ్చి పై గడియ బిగిస్తారు. జెట్‌లాగ్ అంటే అందరూ నిద్ర గురించే చెబుతారు. పెద్దలంతా పడుకున్నాక, అలవాటు లేని ఇంట్లో హుషారుగా తిరిగే పిల్లల గురించి ఎవరూ చెప్పరు. రేపట్నుంచి ఆలుమగలిద్దరూ వంతులు వేసుకోవాల్సిందే.

తెల్లారుతుంది. అసలు పరీక్ష సాయంత్రం నాలుక్కి. వాడు అవ్వ ఒళ్లో వాలిపోతున్నాడు.

"పాపం, పడుకోనీ. బిడ్డకి కండ్లు నిలవడం ల్యా."

పక్కింటావిడ ఇంకో ఉపాయం చెబుతుంది: రాత్రికి జలుబు మందు ఒక మూత పోస్తే సరి. వద్దంటారు. నిద్ర కోసం ఏ మందైనా, మెలటోనిన్ అయినా సరే, పిల్లల డాక్టర్ని అడగకుండా పొయ్యకూడదు.

పడుకోనిద్దామా? ఇప్పుడు పడుకుంటే రాత్రి తొమ్మిదికి లేచి కూర్చుంటాడు. అమ్మ చిన్నబుచ్చుకున్నా సరే, వాణ్ని భుజాన వేసుకుని ఆటో ఎక్కుతారు. కోటకి.

రాజమహల్ ముందు పచ్చిక మీద దించితే కాళ్లు తడబడతాయి. ఏడుస్తాడు. తాత మూడంతస్తుల మహల్ చూపించి, ఇంత కట్టడంలోనూ ఎక్కడా కలప వాడలేదట అంటాడు. వాడికేం పట్టదు. ఉడుత కనిపిస్తుంది. అది పడుతుంది. పరుగు మొదలు.

ఈ ఎండే కావాలి మీకు. మెదడులో ఉండే గడియారం కంటిలో పడే వెలుగును బట్టి సర్దుకుంటుంది. వాడి లెక్కలో ఇది డల్లాస్ తెల్లవారుజాము, అయిదున్నర. ఈ వేళ పడే వెలుగు ఆ గడియారాన్ని ముందుకు జరుపుతుంది. జరగడం మాత్రం నెమ్మదే, రోజుకు ఇంచుమించు గంట. వారం పైన పడుతుందని ఇప్పుడే మనసుకు చెప్పుకోండి.

ఏడున్నరకి సంగటి ముద్ద నోట్లో ఉండగానే తూలుతాడు. ఇక పడుకోనిస్తారు.

మళ్లీ లేస్తాడు, కానీ ఈసారి నాలుక్కి. రెండు గంటలు మీరే గెలిచారు. గడప దాటకుండా కాపలా కాస్తూ, మధ్యాహ్నానికి పెట్టుకున్న తిరుమల ప్రయాణం గుర్తు తెచ్చుకుంటారు. మధ్యాహ్నం ఎందుకు? శ్రీవారి మెట్టు ఇక్కడికి దగ్గరే, అలిపిరి దారికంటే మెట్లూ తక్కువ. ఎండ ముదిరేలోపు ఎక్కేయొచ్చు. డ్రైవర్‌కి ఫోన్ చేసి తెల్లవారే రమ్మంటారు. అమ్మ ఇంకా స్నానానికే లేవలేదు, మీవాడు చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాడు.