మిరప విత్తనం ఎవరి చేతిలో ఉంది?

ఈసారి తొలకరికి ఇంటి దొడ్లో నాలుగు మిరప మొక్కలు వేద్దామని హాస్టల్లో అనుకున్నాం. ఏ రకం వేయాలి అని మాట వచ్చింది. వెతుకుతూ పోతే పెద్ద చరిత్రే బయటపడింది.

మేం గుంటూరు, ప్రకాశం తండాల పిల్లలం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా అమ్మలు మాత్రం చిన్నప్పట్నుంచీ మిరప చేలల్లోనే ఉన్నారు. కాయ కోశారు, కల్లంలో ఆరబోశారు, తాలు కాయలు ఏరారు, తొడిమలు తీశారు. రాత్రి అన్నం కలుపుకుంటుంటే చేతులు భగభగ మండేవి. ఇంత తెలిసినవాళ్లను ఏ విత్తనం మంచిదని ఏనాడూ ఎవరూ అడగలేదు.

అసలు మిరప మన నేల పంట కాదు. వేల ఏళ్ల కిందట మెక్సికో వైపు ఆదివాసులు అడవి మొక్కల్లోంచి మంచి కాయలు ఏరి, విత్తనం దాచి సాగులోకి తెచ్చారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కూరల్లో కారం ఎక్కువగా మిరియాలదే. అంటే లోకమంతా తింటున్న ఈ కారాన్ని మొదట ఎంచుకున్నది ఆదివాసుల చేతులే!

గుంటూరు సన్నానికి 2009-10లో జీఐ గుర్తింపు వచ్చింది. పక్కనే ఉన్న లాం పరిశోధనా స్థానం జి-4 (భాగ్యలక్ష్మి), సీఏ-960 (సింధూర్), ఎల్‌సీఏ-334 లాంటి సూటి రకాలు ఇచ్చింది. సూటి రకం విత్తనం దాచి వేస్తే మళ్లీ అదే కాయ వస్తుంది. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మొక్కలు తలో తీరుగా వస్తాయి. అందుకే ఏటా ప్యాకెట్ కొనాల్సిందే.

కాబట్టి మేం సూటి రకమే వేస్తున్నాం. తేనెటీగలు పుప్పొడి మోసి రకాలు కలిపేస్తాయి గనక దొడ్లో ఒక్కటే రకం. చుట్టుపక్కల వేరే మిరప ఉంటే, విత్తనానికి అనుకున్న కొమ్మ మొగ్గ మీదుండగానే పల్చటి గుడ్డ కట్టి, పిందె పడ్డాక విప్పాలి. తెగులు లేని మొక్క చూసి, బాగా పండిన కాయ కోసి, నీడన ఆరబెట్టి గింజ తీయాలి. ఏ కాయ విత్తనానికి ఉంచాలో ఈసారి అమ్మనే చెప్పమంటాం.

మీ ఇళ్లలో అమ్మమ్మ దాచిన పాత మిరప విత్తనం ఏదైనా ఉందా? ఉంటే పేరు, ఊరు రాయండి. గుప్పెడు గింజలు మాకూ పంపండి.